పిడికెడు క్లిక్కులు

రాయపూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీ తెలుగు చర్చిలో పాటల పుస్తకాలకు కొదవ లేదు, చదివేవాళ్ళకే కొదవ. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో హిందీ చదువుతారు, ఆదివారం ఆరాధనలో పుస్తకం తెరిచి పట్టుకుని చేపపిల్లల్లా పెదవులు ఆడిస్తూ నిలబడతారు. ఐజాక్ ఇది చాలా ఏళ్ళు చూశాడు. ఆయన రైల్వే వ్యాగన్ షాపులో ముప్పై నాలుగేళ్ళు బ్రేకులు బిగించి రిటైరైన మనిషి. ఎక్కడ ఏది వదులుగా కనబడినా చెయ్యి ఊరుకోదు. ఒకరోజు పొడుగు నోటుబుక్కు కొని, తెలుగు పాటల్ని హిందీ అక్షరాల్లో రాయడం మొదలుపెట్టాడు. మనవరాలు దివ్య ఆ పేజీ చూసి తెలుగు పాట గడగడా పాడేసరికి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

నోటుబుక్కులు ఆరయ్యాయి. పాలిటెక్నిక్ చదువుతున్న దివ్య వాటినన్నిటినీ ఒక వెబ్‌సైటులో పెట్టింది. భిలాయి, బిలాస్‌పూర్, నాగపూర్, ఖరగ్‌పూర్... రైలు పట్టాలు ఉన్నచోటల్లా తెలుగువాళ్ళున్నారు, తెలుగువాళ్ళున్నచోటల్లా తెలుగు చదవలేని పిల్లలున్నారు. మూడేళ్ళు తిరిగేసరికి ఆదివారం పొద్దున పన్నెండు చర్చిల పిల్లలు ఫోన్లు పట్టుకుని ఆ సైటు చూసి పాడుతున్నారు. జనం పెరిగారు గనక సైటుకు అద్దె పెరిగిందని అద్దె కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. డిసెంబరు పదో తేదీలోగా కట్టకపోతే పాటలన్నీ తీసేస్తారట. ఇన్నాళ్ళూ ఐజాక్ తన పెన్షన్లోంచే కట్టాడు. ఈ ఏడు ఆ పెన్షను భార్య శాంతమ్మ మోకాళ్ళ వైద్యానికి పోయింది. క్రిస్మస్‌కు ముందే పాటలు పోతాయంటే ఆయనకు అన్నం సహించలేదు. చర్చి కమిటీని అడిగాడు.

చర్చి కోశాధికారి క్రిస్టోఫర్ సిల్తారాలో ఒక ఉక్కు ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తాడు. లోకంలో ఏ సంగతైనా తనకు ముందే తెలుసన్నట్టు తల ఊపుతాడు.

"ఫోకట్‌లో ఇస్తే ఎవడికీ విలువుండదు బ్రదర్" అన్నాడు. "సైటులో ప్రకటనలు పెట్టండి. మా ఫ్యాక్టరీలో ఉమేష్ అని ఒకడున్నాడు. వంటల సైటు పెట్టి, ప్రకటనల మీద స్కూటీ కొన్నాడు. వాడికి వంట కూడా రాదు!"

అలా ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, పాస్టరు డేనియల్ అయ్యగారి ముందుగదిలో, ప్రకటనల కంపెనీని ఎన్నుకోవడానికి కమిటీ కూర్చుంది. ప్రకటనలు తెచ్చి సైటులో పెట్టి, ఎవరైనా వాటిని నొక్కితే సైటువాళ్ళకు వాటా ఇచ్చే కంపెనీలు మూడింటిని దివ్య కాగితం మీద రాసుకొచ్చింది. పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి. పెద్దలకు నోరు తిరగలేదు. అందుకని ఐజాకే వాటికి బైబిలు కథల్లోంచి నామకరణం చేశాడు. సవాలక్ష నియమాలు పెట్టే పెద్ద కంపెనీకి పరిసయ్యుడు. డబ్బు దండిగా ఇచ్చి, పేకాట ప్రకటనలు పెట్టే కంపెనీకి తప్పిపోయిన కుమారుడు. నిక్కచ్చిగా ఉంటుంది గానీ నెలకు రెండు కాసులకు మించి రాల్చని మూడోదానికి బీద విధవరాలు.

క్రిస్టోఫర్ మొదట్నుంచీ తప్పిపోయిన కుమారుడి పక్షమే.

"పేకాట మనం ఆడమంటున్నామా? బొమ్మ పెడుతున్నాం, బస్, అంతే. ఏదెను తోటలో చెట్టు పెట్టింది దేవుడే కదా!"

"పెట్టాడు గానీ, చెట్టు కింద కమీషను తీసుకోలేదు బ్రదర్" అన్నారు డేనియల్ అయ్యగారు.

"అయ్యగారూ, ఆ కమీషనుతో చర్చికి కొత్త మైకు సెట్టు వస్తుంది."

అయ్యగారి మనసు మైకు మీదికి పోయింది. పాత మైకు ఆయన ప్రసంగం మధ్యలో గురక పెడుతుంది. చివరికి ఐజాకే గొంతు సవరించుకున్నాడు. "పిల్లలు పాట చూసి పాడేచోట పేకముక్కలు పెడితే, రేపు వాళ్ళకి పాట గుర్తుంటుందో ముక్క గుర్తుంటుందో ఎవరికి తెలుసు? నాకైతే భయంగా ఉంది."

ఆ మాటతో క్రిస్టోఫర్ కూడా తగ్గాడు. పరిసయ్యుడే ఖాయమయ్యాడు. పరిసయ్యుడిలో ఒక సుగుణముంది. ఏ రకం ప్రకటనలు వద్దో చెబితే అవి రావు. కమిటీ ఉత్సాహంగా తలుపులు మూయడం మొదలుపెట్టింది. సారాయి వద్దు, జూదం వద్దు, జాతకాలు వద్దు, వశీకరణం వద్దు. జుట్టు మొలిపించే నూనె దగ్గర అయ్యగారు తన తల తడుముకుని, "అది పాపం కాదు, ఆశ మాత్రమే, ఉండనివ్వండి" అన్నారు.

"ఇంకొకటుంది తాతయ్యా" అంది దివ్య. "కంపెనీవాళ్ళ నియమాలు. నలభై పేజీలు. ఒప్పుకునేముందు చదవాలి."

నలభై పేజీలనేసరికి అందరూ అయ్యగారి వైపు చూశారు. "ప్రార్థన చేద్దాం" అన్నారాయన. ప్రార్థన పన్నెండు నిమిషాలు సాగింది. కళ్ళు తెరిచేసరికి మధ్యాహ్నం ఒంటిగంట, పక్కింట్లోంచి తాలింపు వాసన. నలభై పేజీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. "ప్రార్థన చేశాం గదమ్మా, ఒప్పుకుంటున్నామని నొక్కెయ్" అన్నాడు క్రిస్టోఫర్. దివ్య నొక్కేసింది. ఐజాక్‌కు మనసులో చిన్న ముల్లు కదిలింది. ప్రార్థన చదవడానికి బదులా, చదవడానికి బలమా అని. ఆకలి వేస్తుండటంతో ఆ ముల్లును అప్పటికి వదిలేశాడు.

మొదటి నెల నలభై ఒక్క రూపాయలు వచ్చాయి.

"ఏమండీ, మరి ఇదెట్టా పెరుగుతుంది?" అని అడిగింది శాంతమ్మ, మోకాళ్ళకు నూనె రాసుకుంటూ.

"జనం ఆ బొమ్మల్ని నొక్కితే పెరుగుతుంది."

"ఊరికే నొక్కితే చాలా?"

"చాలు. నొక్కినందుకే డబ్బులు" అన్నాడు ఐజాక్, పేపరులోంచి తల ఎత్తకుండా.

ఆ మాట అక్కడితో ఆగలేదని ఆయనకు అప్పుడు తెలియదు. శాంతమ్మ చర్చిలో స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. ఆ సమాజంలో ఇరవై ఎనిమిది ఇళ్ళు. ప్రతి ఇంట్లో పొయ్యి పక్కన ఒక డబ్బా ఉంటుంది. పూట పూటా అన్నానికి బియ్యం కొలిచినప్పుడు అందులోంచి ఒక పిడికెడు తీసి దేవుడి పేర ఆ డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బాలన్నీ చర్చికి వస్తాయి, ఆరాధన అయ్యాక ఆ బియ్యాన్ని వేలం వేస్తారు. బాపట్ల నుంచి వాళ్ళ అమ్మమ్మలు రైలెక్కినప్పుడు వెంట తెచ్చుకున్న అలవాటు అది. చర్చికి గోడలు లేచింది ఆ పిడికిళ్ళతోనే.

నవంబరు నెలలో సైటు రాబడి ఉన్నట్టుండి నాలుగు వేలు దాటింది.

కమిటీ ఆశ్చర్యపోయింది, తరవాత సంతోషించింది, ఆ తరవాత అలవాటు పడింది. అద్దెకు సరిపోను మిగులుతుందని క్రిస్టోఫర్ మైకు సెట్ల ధరలు కనుక్కొచ్చాడు. అయ్యగారు ఆదివారం ప్రసంగంలో, నమ్మకంగా పరిసయ్యుడిని ఎన్నుకున్నందుకు దేవుడిచ్చిన దీవెన అని చెప్పబోయి, బైబిల్లో యేసు మందలించిన పరిసయ్యుడు ఇక్కడ మంచివాడెట్లా అయ్యాడో సంఘానికి వివరించలేక మధ్యలో ఆపేశారు. ఐజాక్ రాత్రి పడుకునేముందు కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. పాటలు నిలిచాయి. ఆయనకంతకంటే ఏం కావాలి?

నవంబరు ఆఖరి శనివారం పొద్దున భీమారావు వచ్చాడు. శ్రీకాకుళం దగ్గర్నుంచి వచ్చి, టాటీబంధ్ కూడలిలో లారీలకు టార్పాలిన్లు అమ్ముకునే మనిషి. సిల్తారా నుంచి సరుకు వేసుకుని పోయే బండ్ల మీద కప్పే నీలం పట్టాలు సగం ఆయన కొట్టువే. ముప్పై ఏళ్ళుగా క్రిస్మస్ పందిరికి పట్టా అద్దె తీసుకోకుండా ఇస్తాడు. వినాయకచవితికి ఐజాక్ ఇంటికి ఉండ్రాళ్ళు పంపిస్తాడు. ఆ రోజు మనిషి ముఖం మాడిపోయి ఉంది.

"ఐజాకన్నా, మీ మనవరాలికి కంప్యూటరు తెలుసు గదా. ఇదేటి మోసమో కాస్త సూసి సెప్పమను" అంటూ ఫోను బల్లమీద పెట్టాడు. "మా మేనల్లుడు మహేంద్ర, ఫోన్లలో ప్రకటన ఎయ్యి మావా, బండోళ్ళు ఎగబడిపోతారన్నాడు. ఏసినాను. నెలలో పదకొండొందలసార్లు నొక్కినారంట! నొక్కినప్పుడల్లా నా డబ్బు కోసుకుంటారు. ఆరేడు వేలు పోయినాయి. ఒక్కడంటే ఒక్కడు ఫోను సేసి, 'భీమారావూ, పట్టా ఎంత?' అని అడిగితే ఒట్టు!"

దివ్య ఫోను తీసుకుని వేలితో కిందికీ పైకీ జరిపింది. జరుపుతున్న వేలు ఒకచోట ఆగిపోయింది. తాతయ్య వైపు చూసింది. ఐజాక్ కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశాడు. భీమారావు ప్రకటనను ఎక్కడ నొక్కారో ఆ చోటి పేరు ఇంగ్లీషులో ఉంది. అది తమ పాటల సైటు పేరు. దాని పక్కనే నొక్కిన వేళలు ఉన్నాయి. పొద్దున పదకొండు, సాయంత్రం ఏడు.

"మంచినీళ్ళు తెస్తానుండు" అని ఐజాక్ వంటింట్లోకి నడిచాడు.

టైము పదకొండు. శాంతమ్మ బియ్యం కొలిచింది. ఒక పిడికెడు డబ్బాలో వేసింది. తడిచెయ్యి చీరకు తుడుచుకుని, కిటికీలో పెట్టిన ఫోను తీసి, భక్తిగా ఒకసారి నొక్కి, మళ్ళీ కిటికీలో పెట్టి, కుక్కరు పొయ్యి మీదికి ఎక్కించింది.

ఐజాక్ ఖాళీ గ్లాసుతో వెనక్కి వచ్చాడు.

"ఎక్కడివాళ్ళమ్మా ఈ దొంగలు?" అని భీమారావు దివ్యను అడుగుతున్నాడు. దివ్య నేల చూపులు చూస్తోంది. "అన్నా, నీకు తెలుసా ఈ సైటు?"

"చూడాలి" అన్నాడు ఐజాక్.

వంటింట్లో కుక్కరు విజిల్ వేసింది.

"మన రాయపూర్‌లోదేనా?"

"ఏమో... కనుక్కోవాలి."

రెండో విజిల్.

"పోనీ, తెలిసినోళ్ళెవరైనా ఉంటే సెబుతావు గదా?"

"నాకు తెలిసినవాళ్ళు ఎవరుంటారయ్యా!"

మూడో విజిల్ ఇల్లంతా అదిరేట్టు మోగింది. యేసును ఎరగనని మూడుసార్లు బొంకిన పేతురుకు కోడి కూసింది, ఐజాక్‌కు కుక్కరు కూసింది. ఆయన చేతిలోని ఖాళీ గ్లాసును భీమారావు అందుకుని, లోపలికి చూసి, బల్లమీద పెట్టి లేచాడు. "సరేన్నా, తెలిస్తే సెప్పు" అని వెళ్ళిపోయాడు.

తలుపు పడగానే ఐజాక్ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎన్నాళ్ళబట్టి ఇది?"

"ఏది? ఓ, అదా!" శాంతమ్మ ముఖం వెలిగిపోయింది. "మీకు చెప్పకుండా చేద్దామనుకున్నాం. కుడిచేత్తో ఇచ్చింది ఎడంచేతికి తెలియకూడదు గదా. పిడికెడు బియ్యం తీసినప్పుడల్లా పాటల సైటుకు ఒక నొక్కుడు. ఇరవై ఎనిమిది ఇళ్ళవాళ్ళమూ చేస్తున్నాం. అన్నమ్మత్తయ్యకైతే కళ్ళు ఆనవు, అయినా కోడలి చేత బొమ్మ చూపించుకుని తన వేలితోనే నొక్కుతుంది."

"మరి ఆ ఒక్క బొమ్మనే ఎందుకు నొక్కుతున్నారే?"

"ఏది పడితే అది నొక్కుతామా ఏంటి?" శాంతమ్మకు రోషం వచ్చింది. "ఆ సబ్బు బొమ్మలో పిల్లకి ఒంటిమీద సరిగ్గా బట్ట లేదు. బంగారం మీద అప్పిస్తానంటాడు ఒకడు, వడ్డీ వ్యాపారం. జుట్టు నూనెవాడు అబద్ధాలు చెబుతాడు. అన్నీ చూసి, ప్రార్థించి, సమాజమంతా ఒక్క మాట మీద ఆ నీలం పట్టాను ఎంచుకున్నాం. ఎంత పద్ధతిగా ఉంటుంది! అందులో పాపమేముందో చెప్పండి."

"అది భీమారావు పట్టా."

శాంతమ్మ చేతిలో గరిటె ఆగింది. "బొమ్మ మీద ఆయన పేరు తెలుగులో లేదే, మాకెట్టా తెలుస్తుంది?" అంది నెమ్మదిగా.

ఐజాక్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నొక్కితే డబ్బులొస్తాయని చెప్పింది తనే. ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తుందని శాంతమ్మ అడగలేదు, తనూ అనుకోలేదు. కంపెనీ అంటే ఎక్కడో సముద్రం అవతల అడుగులేని బావి ఒకటుందని, ఎన్ని బిందెలు తోడినా తరగదని అందరూ అనుకున్నారు. ఆ బావి టాటీబంధ్ కూడలిలో ఉంది. ఇన్ని బొమ్మల్లో ఒక్క నిజాయితీ బొమ్మను వెతికి పట్టుకుని, ఇరవై ఎనిమిది ఇళ్ళ భక్తురాళ్ళు రోజుకు రెండుపూటలా ఆ మనిషిని తోడేశారు. దొంగ నూనెవాడు మాత్రం క్షేమంగా ఉన్నాడు.

ఆ మధ్యాహ్నమే దివ్యను కూర్చోబెట్టుకుని నలభై పేజీలూ చదివించుకున్నాడు. పదకొండో పేజీలోనే ఉంది. సైటువాళ్ళూ, వాళ్ళ మనుషులూ ప్రకటనలు నొక్కకూడదు. నొక్కమని ఎవరికీ చెప్పకూడదు. నొక్కితే ఖాతా మూసేస్తారు, మళ్ళీ ఎప్పటికీ తెరవరు.

సాయంత్రం కమిటీ మళ్ళీ కూర్చుంది.

"ఇందులో చెప్పడానికేముంది? వాళ్ళు అడిగారా?" అన్నాడు క్రిస్టోఫర్. "ఇకనుంచి నొక్కొద్దని సిస్టర్స్‌కు చెబుదాం. నెలాఖరుకి డబ్బు చేతికొస్తుంది, అద్దె కడదాం. పైసా ఎక్కువైతే భీమారావు గారికి ఒక శాలువా కప్పుదాం."

"ఆయన డబ్బుతోనా?" అన్నాడు ఐజాక్.

"తొందరపడొద్దు బ్రదర్, ఈ విషయం ప్రార్థనలో పెడదాం" అన్నారు అయ్యగారు.

ఐజాక్ చేతులు కట్టుకుని వినయంగానే అడిగాడు. "పెడదాం అయ్యగారూ. నాకొకటే అనుమానం. పోయినసారి చదవకుండా ప్రార్థించాం. ఈసారి ప్రార్థించి లేచాక కూడా, చెయ్యాల్సింది అదే గదా? కంపెనీకి చెప్పడం, ఆయనకి చెప్పడం. దేవుడు అంతకంటే వేరే జవాబు ఇస్తాడని మీకేమైనా తోస్తోందా?"

అయ్యగారు మంచివారు. "తోచడం లేదు" అన్నారు. "సైటు పోతుందేమో బ్రదర్. పిల్లలు?"

"పోతుంది. నాకూ ఆ బాధే" అన్నాడు ఐజాక్.

దివ్య ఉత్తరం ఇంగ్లీషులో రాసింది. తమ స్త్రీల సమాజం తెలియక నొక్కిందని, ఆ డబ్బు తమది కాదని, ఎవరిదో వాళ్ళకే ఇచ్చెయ్యమని. పిడికెడు బియ్యం సంగతి కూడా రాయమన్నాడు ఐజాక్. దివ్య ఎంత ప్రయత్నించినా అది ఇంగ్లీషులో ఎక్కడా పట్టలేదు. నాలుగు గంటల్లో జవాబు వచ్చింది. యంత్రం రాసిన జవాబని చూడగానే తెలుస్తోంది. నిజాయితీకి మెచ్చుకోలూ లేదు, తప్పుకు తిట్టూ లేదు. ఖాతా మూసేశాం, శాశ్వతం, డబ్బు ప్రకటనదారులకు తిరిగి జమ చేస్తాం, ఈ ఉత్తరానికి జవాబు రాయవద్దు. పరిసయ్యుడు పరిసయ్యుడే.

సోమవారం ఐజాక్ ఆటో ఎక్కి టాటీబంధ్ వెళ్ళాడు. శాంతమ్మ కూడా వస్తానంది. మోకాళ్ళు ఎట్లా అంటే, "నొక్కినప్పుడు లేని మోకాళ్ళు ఒప్పుకోవడానికి అడ్డమా?" అంది.

భీమారావు పట్టాల గుట్టల మధ్య కూర్చుని ఉన్నాడు. కూడలిలో లారీలు హారన్లు కొడుతుంటే ఐజాక్ చెప్పాల్సింది రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. రెండోసారి మొదటిసారికంటే కష్టమైంది. "శనివారం నువ్వు మూడుసార్లు అడిగావు. మూడుసార్లూ నేను అబద్ధమాడాను" అని కూడా చెప్పాడు.

భీమారావు బీడీ ముట్టించబోయి మళ్ళీ జేబులో పెట్టేశాడు.

"ముప్పై ఏళ్ళ నుంచి మీకు పందిరి ఏస్తన్నాను" అన్నాడు చివరికి. "నీ నోట 'నాకు తెలీదు' అన్న మాట వొచ్చిందంటే... అది నాకు ఆరేడు వేలకంటే ఎక్కువ దెబ్బన్నా."

ఐజాక్ తల వంచుకున్నాడు.

"అయినా వదినా, ఊళ్ళో ఇన్ని బొమ్మలుంటే నా పట్టాయే దొరికిందేటి మీకు?"

"మిగతావన్నీ పాపం అన్నయ్యా" అంది శాంతమ్మ, పైట కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

భీమారావు ఆమెను చూశాడు. తరవాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "అంటే... ఊళ్ళో ఒక్కడే మంచోడని తేల్చి... ఆడినే దోసేసినారు!" పక్క కొట్టువాళ్ళు తొంగి చూశారు. నవ్వు ఆగాక ఆయనా కళ్ళు తుడుచుకున్నాడు.

శాంతమ్మ సంచీలోంచి డబ్బు తీసింది. ఆదివారం బియ్యం వేలంలో వచ్చింది, సమాజమంతా ఒప్పుకుని ఇచ్చింది. "ఈ ఏడు పందిరికి పట్టా అద్దెకు వద్దు, కొనుక్కుంటాం. ఆ నీలందే కావాలి. నెల రోజులు నొక్కాం గదా, చేత్తో ముట్టుకుని చూడాలని ఉంది."

భీమారావు పట్టా కట్టిస్తూ, సైటు సంగతేమైందని అడిగాడు. పదో తేదీకి పోతుందని ఐజాక్ చెప్పాడు. భీమారావు లారీల వైపు చూసి, "ఆ అద్దె ఏడాదికెంతో సెప్పు" అన్నాడు. "ఆ సముద్రం అవతలోడికి ఇచ్చిందేదో నీకే ఇస్తాను. పాటల కింద నా కొట్టు పేరూ, ఫోను నెంబరూ రాయి. నాగపూర్, ఖరగ్‌పూర్ లారీలు నా కొట్టు ముందునుంచే గదా పోతాయి, అక్కడ నా పేరు తెలిస్తే నాకూ లాభమే. ధర్మం అనుకోకు. కానీ ఒక్క షరతు."

"ఏంటి?"

"నొక్కేది ఉండకూడదు. నొక్కితే ఏటీ కాకూడదు!"

దివ్య అట్లాగే చేసింది. ఇప్పుడు పాట అయిపోయాక కింద నీలం పట్టా బొమ్మ, 'భీమారావు, టాటీబంధ్' అని హిందీలో పేరు, నెంబరు ఉంటాయి. ప్రకటనలకు ఒక కంపెనీ కావాలని కమిటీ మళ్ళీ కూర్చోలేదు. క్రిస్టోఫర్ మాత్రం అప్పుడప్పుడు తప్పిపోయిన కుమారుణ్ణి తలుచుకుంటాడు. మైకు ఇంకా గురక పెడుతూనే ఉంది.

క్రిస్మస్ ముందు ఆదివారం కొత్త పట్టా కింద పిల్లలు ఫోన్లు పట్టుకుని పాడారు. పెదవులే కాదు, గొంతులూ కదిలాయి. ముందు వరుస బెంచీ మీద అన్నమ్మ కోడలి ఫోను తీసుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, వేలితో తడిమి తడిమి నీలం బొమ్మను నొక్కడం ఐజాక్ చూశాడు. పక్కకు వెళ్ళి వంగి, "పెద్దమ్మా, ఇప్పుడది నొక్కితే ఏమీ రాదు" అన్నాడు మెల్లగా.

"తెలుసులేరా. శాంత చెప్పింది" అంది అన్నమ్మ. "మనకి రావాలని కాదు. పాపం, ఆయనకి నాలుగు బేరాలు తగలాలని నొక్కుతున్నా."

ఐజాక్ నలభై పేజీలూ మనసులో తిరగేశాడు. అలా నొక్కకూడదనే నియమం అందులో ఎక్కడా కనబడలేదు.